ఆరకముందే కట్టేసిన బోర్డు

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. ఇంట్లోవాళ్లకి చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. దీన్ని ధైర్యం అనుకోకండి.

తొంభైల్లో భిలాయిలో, కోహ్కా వైపు, మా అన్నయ్యకి సైన్‌బోర్డుల షాపు ఉండేది. అక్షరాలు రాసేది సింహాచలం బాబాయి. మా నాన్న ఊరివాడు. స్టీల్ ప్లాంటులో ప్రమాద హెచ్చరికల బోర్డులు రాసి రాసి రిటైరైన మనిషి. తెలుగు బోర్డంటే ఆయనే రాయాలి. పార్వతీపురం దగ్గర ఏ పల్లెలో గుడి కట్టినా, బడికి గది వేసినా, అక్కణ్ణుంచి వచ్చి ఇక్కడ ప్లాంటులో చేసేవాళ్లు బోర్డు మాత్రం భిలాయిలోనే రాయించి పంపేవారు. అక్కడ పెయింటర్లు లేక కాదు. భిలాయి నుంచి వచ్చిందని చెప్పుకోవడానికి.

ఆ బోర్డుల్ని దెబ్బ తగలకుండా కట్టి లారీ ఎక్కించడం నా పని. బోర్డు ముఖం మీద మెత్తటి పాత చీర, దానిపైన అట్ట, మూలలకి గడ్డి, చుట్టూ చెక్క చట్రం, పైన గోనె. ఇవన్నీ తర్వాతి సంగతి. ముందు రంగు ఆరాలి. వానాకాలంలో ఎనామెల్ పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. వేలి వెనక భాగంతో అక్షరం అంచు మీద నొక్కి చూడాలి. అంటుకుంటే కట్టకూడదు. ఇది నాకు నేర్పింది బాబాయే.

ఆ రోజు కట్టవలసింది ఒక ఊరి గ్రంథాలయం బోర్డు. బాబాయి దాన్ని రాసి, జ్వరం తగిలి ఇంట్లో పడుకున్నాడు. పొద్దున్నే షాపుకొచ్చినవాళ్ల ముందు అన్నయ్య నన్ను చెడామడా తిట్టాడు, నావల్ల ఏదీ వేళకి కాదని. ఈ బోర్డు ఇవాళే వెళ్తుందని పంతానికి అనేశాను. సాయంత్రం విజయనగరం లారీ వచ్చింది. నొక్కి చూశాను. వేలు అంటుకుంది.

అంటుకుంది. కాబట్టి పొరపాటు జరిగిందని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. వేలు ప్యాంటుకి తుడుచుకుని, చీర పరిచి, బిగించి కట్టేశాను. మేకులు మాత్రం ఎంతో శ్రద్ధగా కొట్టాను. ఎందుకు చేశాను? ఆరలేదంటే అన్నయ్య ముందు మళ్లీ తల దించుకోవాలి. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని, ఉంటే కాస్త మర్యాదగా ఉంటుందని, ఎన్నోసార్లు నాలో నేను వెతుక్కున్నాను. దొరకలేదు.

ఊళ్లో అందరి ముందూ కట్టు విప్పారట. చీరతో పాటు అక్షరాలూ లేచి వచ్చేశాయట. ఫోను వచ్చింది. ఏం జరిగిందని అన్నయ్య అడిగాడు. బాబాయికి చూపు మందగించిందన్నాను. చెయ్యి వణుకుతోందన్నాను. రంగులో నూనె ఎక్కువ కలిపి ఉంటాడన్నాను. అడగనివి కూడా చెప్పాను. అబద్ధం మొదలుపెట్టేదాకానే కష్టం.

జ్వరం తగ్గీ తగ్గకుండానే బాబాయి వచ్చాడు. అన్నయ్యని దాటుకుని నేరుగా నా పక్కన కూర్చున్నాడు.

"నువ్వు కట్టినప్పుడు ఆరిపోనాదేట్రా? నొక్కి సూసినావా?"

"చూశాను బాబాయ్. బిల్కుల్ ఆరిపోయింది."

ఆయన నన్ను అనుమానించలేదు. అనుమానించి, నాలుగు తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా సెయ్యే పోనాదన్నమాట."

ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు. కుంచెలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. అన్నయ్య ఎంత బతిమాలినా రాలేదు. వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాయమన్నా చేతులు వెనక్కి పెట్టుకుంటున్నాడని పిన్ని నాతో చెప్పి బాధపడేది. నేను తలూపేవాణ్ణి. ఆయన మంచం పట్టినప్పుడు పక్కనే ఉన్నాను, నీళ్లు తాగించాను. కన్నకొడుకులా చూస్తున్నాడని పిన్ని అందరితో చెప్పుకునేది. ఆ పొగడ్త కూడా కాదనకుండా తీసుకున్నాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఆలస్యమైపోయింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆలస్యం కాలేదు. ఆయనకి తెలివి ఉంది, నా మాటలు వినబడుతున్నాయి.

తన చెయ్యి పోయిందన్న నమ్మకంతోనే ఆయన పోయాడు.

క్షమించమని ఇంకెవరిని అడగను? పిన్ని కూడా లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు. ఒక్కసారి, ఎవరో ఒకరితో, పూర్తిగా అనాలని ఉంది. ఆయన రంగు సరిగానే కలిపాడు. అక్షరాలు సరిగానే రాశాడు. ఆ బోర్డు ఆరలేదు. నాకు తెలుసు.

అనేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. ఆపాటి సుఖం కూడా ఆయనకి నేను మిగల్చలేదు.