మేస్త్రి నింపేసిన బోలు గోడ

మూడేళ్ల క్రితం బత్తలపల్లె దగ్గర ఇల్లు కట్టుకున్నాం. మా ఎండలకు ఫ్యాను కూడా వేడిగాలే కొడుతుంది. అందుకని ఇటుకల మధ్య ఖాళీ వదిలి కట్టే బోలు గోడలే కావాలని పట్టుబట్టాను. ఆ ఖాళీలో ఉండే గాలి బయటి వేడిని లోపలికి రానివ్వదు. మేస్త్రి ఓబులేసన్నకు బొమ్మ గీసి చూపించాను. తలూపి, వంటగది అలాగే ఖాళీలు వదిలి చక్కగా కట్టాడు.

తర్వాత పెళ్లికని కదిరి వెళ్లి రెండు రోజులకు వచ్చాను. ఎండ ఎక్కువగా తగిలే పడమటి గది గోడ అప్పటికే పూర్తయింది.

"సందులన్నీ కాంక్రీటుతో నింపేసినానక్కా! కోట మాదిరి ఉండాది" అన్నాడు ఓబులేసన్న గర్వంగా.

"ఖాళీ వదలమని చెప్పినా కదన్నా!" కూలీలందరి ముందు అరిచేశాను.

"వదిలితే ఎలకలు, పాములు దూరవా? ఎందుకు వదలాలో నువ్వు చెప్పలేదు కదక్కా" అన్నాడాయన బిక్కమొహంతో.

నిజమే, చెప్పలేదు. ఇటుకల కుప్ప మీద కూలబడి ఏడ్చేశాను. మర్నాడే పైకప్పు పని మొదలు కావాలి. గోడ పడగొట్టే వీలు లేకపోయింది.

ఇప్పటికీ మే నెల మధ్యాహ్నాలు ఆ గదిలో కూర్చోలేక అందరం వంటగదిలోనే చాప పరుచుకుంటాం. ఓబులేసన్న ఇల్లు కట్టించుకునేవాళ్లను తీసుకొచ్చి, వంటగది గోడ మీద చెయ్యి పెట్టించి, అది ఎందుకు చల్లగా ఉందో వివరంగా చెబుతుంటాడు. వాళ్లు వచ్చేలోపు పడమటి గది తలుపు మాత్రం నేనే మూసేస్తాను.