ప్రార్థన ముగిసేలోగా పిజ్జా

ఆ రోజుల్లో నేనింకా చిన్నదాన్నే. అరవై దాటాయంతే. మోకాళ్ళు చెప్పిన మాట వినేవి, నోరు మాత్రం ఎవరి మాటా వినేది కాదు. అమీర్‌పేటలో మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు (ఉన్నా ఎక్కేదాన్ని కాదు, కరెంటు దండగ). ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా చర్చి సంఘం వాళ్ళను పిలిచి ప్రార్థన కూడిక పెట్టడం, చివర్లో తాలింపు శనగలు, అరటిపండు, టీ ఇవ్వడం నేను పెట్టిన పద్ధతి. దాని జోలికొచ్చిన మొదటి మనిషి నా మనవరాలు.

ఆ ఏడే దానికి ఉద్యోగం వచ్చింది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండే ఆఫీసు స్నేహితురాళ్ళు దాని పుట్టినరోజుకి మొదటిసారి మా ఇంటికి రాబోతున్నారు. "వాళ్ళ ముందు శనగలు వద్దు అమ్మమ్మా, ప్లీజ్" అంటూ ఆ పొద్దున రెండు గడ్డకట్టిన ప్యాకెట్లు తెచ్చింది. ఒకదాంట్లో మూడు మూలల సమోసాల్లాంటివి, ఇంకోదాంట్లో బొమ్మల దిండ్లలాంటివి. రెండింటి లోపలా పిజ్జా మీద వేసే చీజూ టమాటానేనట.

"పిండి వాళ్ళది, కూర వాళ్ళది, నూనె నాదా! ఇదేం బేరమే?" అన్నాను.

"రుచి చూసి చెప్పు. ఏదో ఒకటి నచ్చితే సాయంత్రం అదే పెడదాం. రెండూ నచ్చకపోతే నీ శనగలే. కానీ నిజం చెప్పాలి."

"నేనెప్పుడు అబద్ధం చెప్పానే?" అన్నాను. అది నవ్వుకుంటూ ఆఫీసుకు వెళ్ళింది.

ప్యాకెట్ల మీదంతా ఇంగ్లీషు, నా చదువు మూడో తరగతి. మూకుడు బొమ్మ చూసి వేయించాలని తెలుసుకున్నాను. విప్పితే ఒంటినిండా మంచు! తడి సరుకు నూనెలో పడితే ఏమవుతుందో నా ముంజేతుల మచ్చలు చెబుతాయి. అందుకని వడియాలకు చేసినట్టే బాల్కనీలో పాత చీర పరిచి, అన్నిటినీ వరసగా పేర్చి, కాకులకు అడ్డంగా గొడుగు పెట్టి నడుం వాల్చాను. లేచేసరికి మూడు మూలల వాటికి ఒక్క మూలా మిగల్లేదు. దిండ్లు ఒకదాన్నొకటి కౌగిలించుకుని విడిపోమన్నాయి.

సాయంత్రం వచ్చి చూసిన మనవరాలు నెత్తి పట్టుకుంది. "ఏంటమ్మమ్మా ఇది! ఫ్రీజర్లోంచి తీసి నేరుగా నూనెలో వెయ్యాలి!"

"మంచుముద్దల్నా? ఇల్లు తగలెడదామనా?"

అంతలో దాని కళ్ళు గిన్నెలో నానుతున్న శనగల మీద పడ్డాయి (అలవాటుకొద్దీ తెల్లారే నానబోశాను, నన్ను నమ్మండి). "ఓహో, ముందే అనుకున్నావన్నమాట" అని మెల్లగా అని లోపలికెళ్ళిపోయింది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అది మెల్లగా అనేసరికి, తలొంచుకుని శనగలు పొయ్యెక్కించాను.

అవి ఉడుకుతుండగా స్నేహితురాళ్ళు వచ్చారు, పాస్టరు అయ్యగారూ వచ్చారు. మా అయ్యగారు ప్రార్థన ఎత్తుకుంటే ఉన్నచోటు కదలకుండా, నోటితోనే ఊళ్ళో పేటపేటకీ వెళ్ళి అక్కడివాళ్ళను దీవించి వస్తారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయన ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ దగ్గర ఉండగా, నేను పొయ్యి ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను.

"పంజాగుట్టలో పెద్ద కిరాణా షాపుకి పోనీ, తొందరగా!"

"ఏందమ్మా గింత ఉరుకుతున్నవ్? ఎవరికన్న బాగలేదా?" అన్నాడు ఆటో ఆయన.

"అందరూ బాగానే ఉన్నారు నాయనా. పిజ్జాలకి."

"గీ వయసుల సుత మస్తు షోకే!" అని హ్యాండిల్ తిప్పాడు. నేను బేరమాడకుండా ఎక్కిన ఆటో జన్మలో అదొక్కటే.

రెండు రకాల చల్లటి ప్యాకెట్లూ కొంగులో చుట్టుకుని తిరిగొచ్చేసరికి అయ్యగారు పంజాగుట్ట దాటి ఎర్రమంజిల్ ఉద్యోగస్తుల దగ్గరున్నారు. నూనె కాగగానే మూత డాలులా అడ్డం పెట్టుకుని మంచుముద్దల్ని వదిలాను. ఆ చిటపటలకు హాల్లో 'ఆమెన్' కాస్త ముందే వచ్చింది.

మనవరాలు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. "ఇవెక్కడివి? ఎప్పుడెళ్ళావ్?"

"నువ్వు కళ్ళు మూసుకున్నప్పుడు."

ఒక్కొక్కటీ కొరికి చూశాను. "మూలలది కరకరలాడుతోంది గానీ లోపలంతా గాలే. దిండు బాగుంది."

"నిజంగానా?"

"ఉప్పెక్కువైంది. నిజం చెప్పమన్నావుగా."

అది నవ్వేసి, నా బుగ్గ మీద పడిన నూనెను చున్నీతో తుడిచింది. దిండ్ల పళ్ళెం పిల్లలు ఖాళీ చేశారు, శనగల గిన్నె అయ్యగారు.

ఇప్పటికీ మా ఫ్రీజర్లో దిండ్ల ప్యాకెట్ ఉంటుంది. మోకాళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి. ప్రార్థన ఎంత పొడుగైనా కుర్చీలోనే కళ్ళు మూసుకుని కూర్చుంటాను. అప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని, కొంగు దోపుకుని గబగబా మెట్లు దిగే ఒకావిడ కనిపిస్తుంది. నవ్వాగదు. పక్కనున్న మనవరాలు మోచేత్తో పొడుస్తుంది, "అమ్మమ్మా, ప్రార్థన!" అని. తీరా చూస్తే, అదీ నవ్వుతూనే ఉంటుంది.