ఒకే జత ఖాకీ

మా బావ దానయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఎవరు తిట్టినా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

విజయనగరం వైపువాడు. రైల్వేలో పని దొరుకుతుందని మా అక్క గంగాభవానితో రాయపూర్ వచ్చాడు. అది దొరక్క, ధర్సీవా రోడ్డులో నేను పనిచేసే బియ్యం మిల్లులోనే చేరాడు. బెల్టు తిరుగుతుండగానే పక్కన నిలబడి ఇరుసులకు నూనె పోయడం అతని పని.

నలభై ఎనిమిదిలో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. తిరిగే యంత్రం దగ్గరికెళ్లేవాడికి ఒంటికి అతుక్కునే బట్టలు యజమానే ఇవ్వాలట. సేటు బావ కొలతలకు ఒక్క జత ఖాకీ నిక్కరూ చొక్కా కుట్టించాడు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పెళ్లికి అరువు నగ పెట్టినట్టు అవి తొడిగేవారు. ఆయన జీపు గేటు దాటగానే విప్పించి బీరువాలో పెట్టేవారు. మేం దాన్ని వర్దీ అనేవాళ్లం.

"రోజూ ఇప్పించండి బాబూ. పంచె సెంగు బెల్టు లాగేత్తాదేమోనని బయ్యంగా ఉంది," అని బావ మేస్త్రీ మల్లేశ్వరరావును అడిగాడు.

"నూనె మరకలైపోతే సాబుకి ఏటి సూపిత్తావురా? నీ మొకమా?"

ఒకరోజు బావ పంచె తీసేసి గోచితోనే పనిలోకి దిగాడు. ఆడకూలీల ముందు సిగ్గులేదా అని మేస్త్రీ చెంప పగలగొట్టాడు. మర్నాడు మళ్లీ పంచె కట్టుకొచ్చాడు.

ఎండాకాలం, పట్టపగలు. పంచె చెంగు బెల్టులో పడింది. బెల్టు మనిషిని ఎత్తి గోడకేసి కొట్టింది. మెడ విరిగింది. కేక కూడా వేయలేదు.

మేస్త్రీ బీరువా తాళం తీశాడు. "ఇన్‌స్పెక్టరొచ్చే లోపల ఆడికి ఇది తొడుగు. లేదంటే రేపట్నుంచి నీకూ పనుండదు."

తొడిగాను. ఛీ, నా చేతులు పడిపోను! ఇంకా వెచ్చగా ఉన్న ఒంటికి గుండీలు పెట్టాను. చిరిగిన పంచెను ఊక పొయ్యిలో పడేశాను.

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి అక్కా పరుగెత్తుకొచ్చింది. ఏడుస్తూనే చొక్కా పట్టుకుని చూసింది. "ఒలమ్మో! మడిసి ఇరిగిపోతే సొక్కా మడత నలగనేదేటి? పొద్దున్న పంచె కట్టుకునే ఎల్లాడు. ఒరే తమ్ముడూ, ఆ బాబుకి నువ్వు సెప్పరా!"

ఇన్‌స్పెక్టరుకు తెలుగు రాదు. ఆమె ఏమంటోందని హిందీలో నన్నే అడిగాడు. మేస్త్రీ నా వైపే చూస్తున్నాడు.

"మొగుడు పోయిన దుఃఖం సాబ్, ఏదేదో అంటోంది," అన్నాను హిందీలో. "వర్దీలోనే ఉన్నాడు."

అక్కకు ఆ మాత్రం హిందీ వచ్చు. ఏడుపు ఆపేసి నా మొహాన ఉమ్మేసింది. తప్పు చనిపోయినవాడిదేనని రాసుకుని ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాడు.

పాడె కట్టే ముందు మేస్త్రీ మనిషి వచ్చి వర్దీ విప్పుకుపోయాడు. ఉతికి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టారు. బెల్టు పని నాకిచ్చారు.

మూడు నెలలకు ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. వర్దీ నాకు తొడిగారు. బావది పెద్ద ఒళ్లు. చొక్కా నా భుజాల మీద వదులుగా వేలాడింది. అంతా సవ్యంగా ఉందని ఆయన రాసుకున్నాడు. జీపు గేటు దాటింది. వర్దీ విప్పి ఇచ్చేసి, పంచె కట్టుకుని బెల్టు దగ్గరికి వెళ్లాను.