తాండూరులో పాడిన పదహారు గళ్లు

వికారాబాద్ స్టేషనుకు ఎనిమిది గంటలకు చేరుకున్నాను. మా ఇంటి నుంచి నడిస్తే పద్దెనిమిది నిమిషాలు. మోకాళ్లు బాగున్న రోజుల్లో పన్నెండే పట్టేది. తాండూరు వైపు వెళ్లే ప్యాసింజరు ఎనిమిదీ ఇరవైకి రావాలి, ఎనిమిదీ ముప్పై ఏడుకు వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. చేతిసంచిలో నీళ్ల సీసా, రెండు అరటిపళ్లు, నల్ల అట్ట ఉన్న పాత నోటుపుస్తకం.

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోను. తాండూరులో ఉండే రాజలింగం మాస్టరూ నేనూ ఏటా జనవరి ఒకటిన మాట్లాడుకుంటాం. మధ్యలో ఎవరం చేయం. అలాంటిది ఈ ఆదివారం ఆయనే చేశారు.

"మేడమ్, శనివారం ఆఖర్ల పాడేటోళ్లు గద, మెల్లటి పాట. దాంట్ల ఏమున్నదో మీరొచ్చి చెప్పాలె. ఫోన్ల వద్దు. అబద్ధం చెప్పద్దు."

నేను వికారాబాద్ ప్రభుత్వ పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. దానికి ముందు ఆరేళ్లపాటు, ప్రతి శనివారం సాయంత్రం, సికింద్రాబాదులో రైల్వేవాళ్ల డ్యాన్సు హాలులో ఇంగ్లీషు జాజ్ పాటలు పాడాను. మా నాన్న గార్డు. పక్క క్వార్టరులో పియానో నేర్పే ఆవిడ ఉండేది, నాకు ఆ పాటలు ఆమె పెట్టిన భిక్ష. ఆ హాలు బ్యాండులో రాజలింగం మాస్టరు క్లారినెట్ వాయించేవారు. హాలు మూతపడ్డాక ఆయన సొంతూరు తాండూరు వెళ్లి పెళ్లిళ్ల బ్యాండు పెట్టుకున్నారు. మా ఆఖరి పాటను కూడా వెంట తీసుకెళ్లారు. అప్పగింతలయ్యి పెళ్లికూతురు కారెక్కేటప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటా మోగేది ఆ పాటే. మాటలు ఆయనకు తెలియవు. రాగం విని ఆడవాళ్లు ఏడ్చేవారు, అది చాలనుకున్నారు.

తన బిడ్డ పద్మను అత్తవారింటికి పంపినప్పుడూ అదే వాయించారు. ఆరేళ్లకు పద్మ ఆ సంసారం విడిచి తిరిగొచ్చింది. ఇది పాత సంగతి. కొత్త సంగతి ఏమిటంటే, ఈ మధ్య ఒక పెళ్లిలో బ్యాంకు ఆఫీసరొకరు ఆ రాగం విని, ఇది మనిషి విడిచిపోయిన పాట, పెళ్లిలో ఎవరైనా వాయిస్తారా అన్నాడట. ఆ రోజు నుంచి మాస్టరు ఆ పాటను బ్యాండులో ఆపించారు. ఫోను పద్మ తీసుకుని చెప్పింది: "మూడు వారాల సంది బాపు సక్కగ తింటలేడమ్మా. నా బతుకు తనే ఖరాబ్ చేసిన అనుకుంటున్నడు."

ధారూర్‌లో శీతాఫలాల గంపతో ఒకామె ఎక్కి నా ఎదుట కూర్చుంది. మోకాలి మీద నా వేళ్లు ఆడుతుంటే చూసి, "ఏం లెక్కవెడుతున్నవ్ పెద్దమ్మా?" అంది.

"పాటను."

"పాటకు లెక్కనా! ఎంతైంది?"

"ముప్పై రెండు" అన్నాను.

డ్యాన్సు పాటలే కదా అని వీటిని తేలిగ్గా తీసేసేవాళ్లను చాలామందిని చూశాను. వాటి కట్టుబడి చూడమంటాను. కాగితం మీద పాట గళ్లు గళ్లుగా ఉంటుంది, గడికి నాలుగు దెబ్బలు. ఎనిమిదేసి గళ్ల చొప్పున నాలుగు భాగాలు, మొత్తం ముప్పై రెండు. మొదటి ఎనిమిదిలో ఒక మాట చెబుతారు. రెండో ఎనిమిదిలో అదే రాగం మీద ఇంకాస్త చెబుతారు. మూడోది దారి మళ్లుతుంది. నాలుగోది ఇంటికి తెస్తుంది. ఇంతలోనే ఒక మనిషి బతుకు చెప్పాలి, అదీ కప్పు, కుర్చీ, తలుపు, వాన వంటి ఇంటిమాటలతో. గొంతు చించుకోవడానికి చోటుండదు. మధ్యలో క్లారినెట్ తన ఇష్టం వచ్చిన దారిన పోయి, సరిగ్గా ముప్పై మూడో గడి దగ్గర, అంటే పాట తిరిగి మొదలయ్యేచోట, మళ్లీ మనతో కలుస్తుంది. జాజ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, లెక్క తప్పకుండా దారి తప్పడం అని చెబుతాను.

ఇరవై రెండేళ్ల వయసులో ఈ పాటలు శ్రుతి తప్పకుండా పాడాను, అర్థం కాకుండా పాడాను. పదకొండేళ్ల క్రితం మావారు పోయాక, ఒకరోజు రెండు కప్పులు తీసి ఒకటి తిరిగి పెట్టేటప్పుడు అర్థమయ్యాయి.

తొమ్మిదీ నలభై రెండుకు తాండూరు. స్టేషను బయట ఆటో నలభై రూపాయలు. డ్రైవరు దారంతా ఫోనులో కన్నడం మాట్లాడుతూనే ఉన్నాడు. బండల పాలిషింగు మిషన్ల మోత, చెట్ల ఆకుల మీద బూడిదరంగు దుమ్ము. ఈ దారిన వెళ్లేవారు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే మంచిది.

మాస్టరుది రెండు గదుల ఇల్లు, నేలంతా ఆ ఊరి బండలే, చల్లగా ఉంది. ముందుగదిలో పద్మ కుట్టుమిషను, తీగ మీద బ్యాండువాళ్ల ఎర్ర కోట్లు. మాస్టరు బాగా చిక్కిపోయారు. ముందుపళ్లు ఊడిపోవడంతో రెండేళ్లుగా క్లారినెట్ ఊదడం లేదు. కట్టుడు పళ్లతో పట్టు దొరకదట, బ్యాండులో ఇప్పుడు తమ్ముడి కొడుకు ఊదుతున్నాడు.

"చాయ్ తాగుండ్రి మేడమ్."

"ముందు పని."

"గా బ్యాంకు సారు చెప్పింది నిజమేనా?"

ఆ ఇంట్లో నా మాటను సరిచూసేవారు లేరు, ఏ అర్థం చెప్పినా చెల్లుతుంది. కానీ ఆరేళ్లలో ఆయన నన్ను మెప్పించడానికి ఒక్క తప్పు స్వరమైనా వాయించలేదు.

"నిజమే మాస్టర్. మనిషి వెళ్లిపోయాక ఇంట్లో మిగిలినవాళ్లు పాడే పాట."

ఒక్కొక్క వరుసే చెప్పాను. గదులు పెద్దవైపోయాయి అని ఉంది. వీధిలో అడుగుల చప్పుడు, నీది కాదు అని ఉంది. ఆయన నేల వైపే చూస్తున్నారు.

"అంటే, గీ పాటతోని నా బిడ్డను తోలిన."

మిషను దగ్గర నుంచి పద్మ అందుకుంది: "పాట ఖరాబ్ గాదు బాపూ, పిలగాడు ఖరాబ్. వందసార్లు చెప్పిన." ఆయన నవ్వలేదు.

"ఇంకా ఉంది మాస్టర్. దీనికి ముందు పదహారు గళ్లున్నాయి. మీరు వినలేదు."

"ఎట్ల వినలే? ఆరేండ్లు మీ పక్కపొంటే నిలవడ్డ గద!"

నిజంగానే వినలేదు. ఇలాంటి పాటలు చాలావాటికి ముందుభాగం ఒకటి ఉంటుంది. సగం మాట, సగం పాట. దెబ్బ నిలకడగా ఉండదు కాబట్టి ఆడేవాళ్లకు అడుగు పడదు. వదిలెయ్యమని మా బ్యాండు పెద్ద చెప్పాడు, నేను వదిలేశాను. నోటుపుస్తకం తెరిచి చూపించాను. పాట పేరు, శ్రుతి, దాని కింద నా చేతిరాత: ముందుభాగం వద్దు.

మాస్టరు కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ చాలాసేపు చూశారు.

"గిప్పుడు ఈడ ఆడేటోళ్లు ఎవ్వలున్నరు మేడమ్? మొదటి సంది పాడుండ్రి."

పుస్తకంలో రాసిన శ్రుతిలోనే ఎత్తుకున్నాను. నాలుగో మాట దగ్గర గొంతు చీలింది. మళ్లీ అదే శ్రుతి, మళ్లీ అక్కడే చీలింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"జర దించుండ్రి. నాకు పండ్లు పోయినయ్, మీకు పై స్వరాలు పోయినయ్. పరేషాన్ ఎందుకు?" అని కింద ఒక స్వరం పలికి చూపించారు. రాసినదానికంటే దించి పాడటం నా జన్మలో చేయలేదు. ఆ స్వరం తీసుకున్నాను.

ముందు తెలుగులో చెప్పాను: తెల్లవారగానే తలుపు నేనే తీశాను. నీ మూట నేనే కట్టాను. వెనక్కి చూడకు, చూస్తే నేను పంపలేను. తరువాత పాడాను. మాస్టరు పెట్టెలోంచి క్లారినెట్ తీశారు. నోట పెట్టుకోలేదు. ఒళ్లో నిలబెట్టుకుని మీటల మీద వేళ్లు కదిపారు. ఆ పదహారు గళ్లలో ఆయన వేళ్లు నా కంటే ఒక స్వరం వెనక వచ్చాయి. ముప్పై రెండు మొదలవగానే కలిశాయి. ఇంకోసారి అన్నట్టు ఆయన వేలు తిప్పారు, మళ్లీ మొదటి నుంచి పాడాను. ఈసారి ఎక్కడా వెనకబడలేదు. ఆఖరి ఎనిమిదిలో చివరి మాట, తలుపుకు గొళ్లెం పెట్టను అని.

కుట్టుమిషను ఎప్పుడాగిందో నేను గమనించలేదు.

"పోయినోళ్లు మళ్ల వస్తరని ఉన్నదా?" మాస్టరు అడిగారు.

ఉందని చెప్పాలనిపించింది. "లేదు మాస్టర్. వస్తారనీ లేదు, రారనీ లేదు. గొళ్లెం పెట్టననే ఉంది."

పద్మ లేచి వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. "నేనొచ్చిన దినం గొళ్లెం లేకుండె బాపూ. నూకంగనే తలుపు తెరుసుకున్నది. ఎందుకొచ్చినవని నువ్వు అడగనన్న అడగలే."

ఆయన పొడి గుడ్డతో క్లారినెట్‌ను పై నుంచి కింది దాకా తుడిచారు. ఎవరూ ఊదని వాద్యాన్ని అంతసేపు తుడవనక్కర్లేదు. అప్పుడన్నారు: "శుక్రారం పెండ్లి ఉన్నది గద. మా తమ్ముని కొడుకును పిలువు. ముందుభాగం నేర్పాలె."

ఒంటిగంటకు భోజనం. జొన్నరొట్టె, వంకాయ కూర, తాండూరు కందిపప్పు. మాస్టరు రొట్టెలు పప్పులో నానబెట్టుకుని తిన్నారు. చెయ్యి కడుక్కోవడానికి ఆయన లేవగానే పద్మ నాకు మాత్రమే కనబడేలా మూడు వేళ్లు చూపించింది, మూడు రొట్టెలని.

తిరుగు బండి నాలుగూ పదికి, ఆరు నిమిషాలే ఆలస్యం. మధ్యాహ్నం దాటాక జనం తక్కువ, ఈ దారిలో తిరిగి రావాలనుకునేవారికి ఈ బండి బాగుంటుంది. పొలాల్లో కంది పూత పసుప్పచ్చగా ఉంది. నోటుపుస్తకం తీసి "వద్దు" అన్న మాట కొట్టేశాను, శ్రుతి దించి రాశాను, పక్కన ఈనాటి తేదీ వేశాను. ఒక పాటను ఆరేళ్లు పాడి, యాభై ఏళ్లు దాచుకుని, అది నాకు పూర్తిగా వచ్చనే అనుకున్నాను. సరిగ్గా పాడటం వేరు, మొత్తం పాడటం వేరు. ఆడేవాళ్ల కోసం నేను కోసేసిన ముక్కలోనే, వెళ్లేవాళ్లను చేతులారా సాగనంపిన మనిషి ఉంది.

ఖాళీ గంపతో పొద్దుటి శీతాఫలాలామె అదే పెట్టెలో ఉంది. నన్ను గుర్తుపట్టి ఎదుటికి వచ్చి కూర్చుంది. ధారూర్ దగ్గర పడుతుండగా నా వేళ్ల వైపు చూసింది.

"మళ్ల లెక్కనేనా పెద్దమ్మా? పొద్దుగాల ముప్పై రెండన్నవ్ గద."

"తప్పు చెప్పాను" అన్నాను. "నలభై ఎనిమిది."