పెళ్లి గుర్రానికి దిష్టి మిరపకాయలు

మా పాప ఇంట్లో వాగుడుకాయ. గడప దాటిందంటే నోటికి తాళం. ఒకటో తరగతి అయిపోవస్తున్నా బళ్లో ఒక్క మాట పలకలేదు. దాహమేసినా అడగదు. పలకని పిల్లతో ఏం ఆడతామని తోటి పిల్లలు పిలవడం కూడా మానేశారు. అది చూడలేక, ఎవరేం అడిగినా దాని బదులు నేనే టకటకా జవాబు చెప్పేసేదాన్ని.

అంగళ్లు దగ్గర ఒకావిడ గుర్రాలతో పిల్లలకు థెరపీ చేస్తుందని డాక్టరమ్మ చెబితే, ఆదివారాలు మదనపల్లె నుంచి అక్కడికి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. నేను స్వారీ అనుకున్నాను. కాదు, గుర్రాన్ని దువ్వడం, లద్దె ఎత్తడం, తర్వాత తాడు పట్టుకుని నడిపించడం. ఆవిడ నియమం ఒక్కటే. తాడు ఎవరి చేతిలో ఉంటే "నడువు" అన్న మాట వాళ్లే అనాలి. నేను నోరు తెరిస్తే చాలు, చూపుతోనే గేటు దాకా పంపేసేది. మా పాపకు ఇచ్చిన గుర్రమూ తక్కువది కాదు. డప్పులు, టపాకాయల మధ్య పెళ్లికొడుకులను మోసి మోసి రాటుదేలింది. బతిమాలినా కదలదు, తాడు పట్టిన మనిషి చెప్పాల్సిందే. మా పాప పెదవులు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. ఇద్దరూ అట్లా నిలబడే వారాలు గడిచిపోయాయి.

ఒక ఆదివారం మా అత్త కురబలకోట నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. అంత పెద్ద గుర్రం పక్కన తాడు పట్టుకున్న మనవరాలిని చూసి మురిసిపోయి, ఎవరి కళ్లు పడతాయోనని కొంగుముడి విప్పింది. అందులో ఉప్పు, ఎండుమిరపకాయలు. మాట్లాడొద్దని మాకు సైగ చేసింది. దిష్టి తీసేటప్పుడు ఎవరు నోరు విప్పినా ఫలితం ఉండదని మా ఇళ్లల్లో నమ్మకం. థెరపీ ఆవిడ వద్దనేలోపే పాపకూ గుర్రానికీ కలిపి తిప్పేసి, పక్కనే గుర్రాలకు ఉలవలు ఉడుకుతున్న పొయ్యిలో పడేసింది.

ఘాటు గుప్పున లేచింది. టపాకాయలకు బెదరని గుర్రం తుమ్మి, తల విదిలించి, వెనక్కి లాగింది. నేను పరిగెత్తబోతే థెరపీ ఆవిడ నన్ను ఆపి, తనే పాప పక్కకు వెళ్లి నిలబడింది.

"అవ్వా, పొయ్యి ఆర్పు. దానికి కండ్లు మండతాండాయి."

మా పాపే. అందరి ఎదుటా, గొంతెత్తి. తర్వాత గుర్రం వైపు తిరిగి, "నడువు" అంది.

గుర్రం నడిచింది. పొగ లేని దిక్కుకు, మా పాప పక్కనే, బుద్ధిగా. నేను దగ్గుతూ, ఏడుస్తూ, నవ్వుతూ నిలబడిపోయాను. ఆ కన్నీళ్లలో మిరపకాయల వాటా ఎంతో నాకు తెలియదు. నా జన్మలో అంత సంతోషం ఎరగను. దిష్టి చెడిపోయిందని గొణుక్కుంటూనే మా అత్త చెంబుడు నీళ్లు పొయ్యిలో గుమ్మరించింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

ముగ్గురం కలిసి బస్సెక్కాం. కండక్టరు వచ్చి యాడికమ్మా అని అడిగాడు. అలవాటు కొద్దీ నోరు తెరిచాను. మా అత్త నా మోచెయ్యి గిల్లింది. మూసుకున్నాను.

"మదనపల్లెకు, అన్నా," అంది మా పాప. "ముగ్గురం ఉండాము."