దుమ్ము దొరకని ఇళ్ళు

పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే పిల్లలు డాక్టరనో, టీచరనో, పైలటనో చెబుతారు గాని, ఊరందరి దుమ్మూ పోగుచేస్తానని ఎవరూ చెప్పరు. ఆవిడా చెప్పలేదు. తుమ్ములు ఎందుకొస్తాయి, ఒకరు లొట్టలేసుకుంటూ తినేది ఇంకొకరి ఒంటికి ఎందుకు పడదు అని చదువుతూ చదువుతూ పోయి, చివరికి అలర్జీ పరిశోధనాలయం మూడో అంతస్తులో చేతిలో వాక్యూమ్ క్లీనరుతో తేలింది. పేరు పక్కన బోలెడు డిగ్రీలున్నాయి. ఏం లాభం, అందరూ పిలిచేది దుమ్ము మేడమ్ అనే.

ఆవిడ పని వినడానికి తేలికే. ఉబ్బసం ఉన్న పిల్లల ఇళ్ళకు వెళ్ళి, గొట్టం చివర చిన్న వడపోత కాగితం బిగించి, నేల మీది దుమ్మును పీల్చి, డబ్బాలో వేసి తేవాలి. దుమ్ములో కంటికి ఆనని పురుగులుంటాయి. మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి పాపం, కుట్టవు, కరవవు. కానీ వాటి రెట్ట గాలిలో లేచి ముక్కులోకి పోయిందంటే కొందరి ఒళ్ళు శత్రువు దండెత్తి వచ్చినట్టు హడావిడి చేస్తుంది. గోరంతదానికి కొండంత రాద్ధాంతం చేసే ఆ ఒంటిని చూస్తే ఆవిడకు ఎప్పుడూ తన పెదనాన్నే గుర్తొచ్చేవాడు.

"ఊళ్ళోవాళ్ళ దుమ్ము నీ ల్యాబు ఫ్రిజ్‌లో భద్రంగా ఉంది. మనింటి దుమ్మే నా నెత్తిన పడింది," అనేవాడు డ్రాయింగు మాస్టరైన భర్త, సెలవురోజు చీపురు పట్టుకుని.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆ పిల్లల చేతి మీద పురుగు సారం చుక్క వేసి సూదితో తాకిస్తే దోమ కుట్టినంత దద్దురు లేస్తోంది. అంటే పురుగు వాళ్ళకు పడటం లేదు. మరి ఇళ్ళలో ఆ పురుగు ఉండాలి కదా? ల్యాబులో చిన్న చిన్న గుంటలున్న పలకలో దుమ్ము కలిపిన నీళ్ళు పోసి, మందు చేరిస్తే, పురుగు జాడ ఉన్న గుంట నీలంగా మారాలి. ఆవిడ ఏ ఇంటి దుమ్ము పోసినా గుంటలు మాత్రం తెల్లమొహం వేసుకుని చూసేవి.

"దొంగ పడ్డాడని ఇంటిల్లిపాదీ అరుస్తున్నారు. వెళ్ళి చూస్తే దొంగా లేడు, వాడి అడుగుజాడా లేదు," అన్నాడు డైరెక్టరు. "ఎన్నాళ్ళని చూస్తామమ్మా? ఈ ఏడాది చివరికి పురుగు తేలకపోతే ప్రాజెక్టు మూసేద్దాం. నిన్ను మందుల నాణ్యత చూసే విభాగంలో వేస్తాను. అక్కడ ఏసీ కూడా బాగుంటుంది."

ఏసీ మాటకు ఆవిడకు ఒళ్ళు మండింది. మెట్లు దిగుతుంటే మాత్రం భయమేసింది. చదువూ వయసూ అంతా పోసి పెంచుకున్న పని. అది పోతే తనకు చేతనైంది ఇంకేమీ లేదు.

ఆ తర్వాత కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగింది. ఎక్కడ చూసినా ఇళ్ళు అద్దాల్లా ఉండేవి. జనం ఎంత శుభ్రంగా ఉంటున్నారో అని మురిసిపోయిందే తప్ప, అనుమానపడలేదు. డిగ్రీలు అందుకే ఉన్నాయి మరి, ఎదురుగా ఉన్నది కనబడకుండా.

ఒకరోజు, మొదట వెళ్ళాల్సిన ఇంటికి తాళం వేసి ఉంది. సరే, ఎండలో నిలబడటం దేనికని తర్వాతి ఇంటికి చాలా ముందుగా వెళ్ళిపోయింది. అది ఒక బస్సు డ్రైవరు ఇల్లు. తలుపు బార్లా తీసి ఉంది. కుర్చీలు, బల్ల, గిన్నెల స్టాండు, అన్నీ వీధిలో ఉన్నాయి. ఉబ్బసం ఉన్న పిల్ల ముక్కుకు తువ్వాలు కట్టుకుని మెట్ల మీద కూర్చుంది. లోపల డ్రైవరు స్టూలెక్కి ఫ్యాను తుడుస్తున్నాడు. వాళ్ళావిడ మోకాళ్ళ మీద కూర్చుని నేల రుద్దుతోంది. ముసలి తల్లి మంచం మీద కూర్చుని హుకుములు జారీచేస్తోంది.

"ఆ మూల, ఆ మూల! నా కోడలు ఒక మూల ఊడిస్తే ఇంకో మూల వదిలేస్తుంది. అందుకే పిల్లకి ఈ రొప్పు. కానీండి, ఆ దుమ్ము మేడమ్ వచ్చే వేళయింది. మనింట్లో దుమ్ముందని రాసుకుపోతే పరువు పోదూ?"

గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి నలుగురూ తేలు కుట్టిన దొంగల్లా అయిపోయారు. ఆవిడ పరిస్థితీ అంతే. ఇన్నాళ్ళూ తిరిగిన ప్రతి ఇల్లూ కళ్ళముందు గిర్రున తిరిగింది. ఫలానా రోజు వస్తున్నానని మర్యాదగా ఫోన్ చేసి చెప్పడం, వాళ్ళు అంతకంటే మర్యాదగా ఇల్లు కడిగిపెట్టడం! ఆవిడ ఉన్నచోటే కూలబడి పడీ పడీ నవ్వింది.

"ఆ చేటలో దుమ్ము నాకివ్వండి," అంది నవ్వాపుకుంటూ.

"భలేవారే మేడమ్! ఇంటికొచ్చిన మనిషి చేతిలో చెత్త పెట్టి పంపిస్తామా?" డ్రైవరు చేటను వీపు వెనక దాచేశాడు.

"నాకు కావలసిందే అదయ్యా!"

"కాఫీ తాగండి ముందు," అని చేటతో సహా పెరట్లోకి మాయమయ్యాడు.

కాఫీ తాగుతూ ఆవిడ ఇల్లంతా కలియజూసింది. ఇంట్లో అన్నీ కదిలాయి, ఒక్క మంచం తప్ప. మంచం మీద పెద్దావిడ, పెద్దావిడ కింద ఆవిడ పెళ్ళినాటి దూది పరుపు. నేల ఎవరైనా కడుగుతారు. పరుపు లోపల ఎవరు కడుగుతారు? పరాయివాళ్ళ పడకల జోలికి పోవడం బాగుండదని ఆవిడ ఏ ఇంట్లోనూ పరుపు ముట్టుకోలేదు. వాళ్ళ మర్యాదా తన మర్యాదా కలిసి సైన్సు పీక నొక్కేశాయన్నమాట.

"అమ్మా, మీరు కాసేపు లేస్తే ఈ పరుపు మీద గొట్టం పెట్టి చూస్తాను."

"దీని మీదా? నేనూ మనవరాలూ తప్ప ఇంకెవరూ పడుకోరు తల్లీ. కావాలంటే చూసుకో," అని ధీమాగా లేచింది పెద్దావిడ.

అక్కడి నుంచి ఆవిడ ఇదివరకు వెళ్ళిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి పరుపులు, దిళ్ళు పట్టుకుంది. జనం కొత్త దుప్పట్లు పరిచి పెట్టారు. పరుచుకోనీ! ల్యాబులో పలక మీద ఒక్కో గుంటా నీలం తిరుగుతుంటే ఆవిడ కుర్చీలో ఉండలేకపోయింది. అన్నిటికంటే ముదురు నీలం వచ్చిన గుంటను చూసి చిన్నపిల్లలా గంతేసింది. ప్రాజెక్టు నిలబడింది! ఆ గుంట ఎవరిదా అని డబ్బా మీది చీటీ చూసింది. డ్రైవరు ఇల్లు. నానమ్మ పరుపు. గంతు అక్కడే ఆగిపోయింది.

చెప్పక తప్పదు. వెళ్ళి, గొంతు సవరించుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పెద్దావిడ పరుపు మీద చెయ్యి వేసి చూసుకుంది.

"పుట్టినప్పట్నుంచీ పక్కలో వేసుకుని పడుకోబెట్టాను. నేనేనా దాని ఊపిరి తీసింది?"

"మీరు కాదమ్మా. పరుపు. ఏ ఇంట్లో పరుపైనా ఇంతే. శుభ్రానికీ దీనికీ సంబంధం లేదు."

"అంటే కోడలి ఊడుపులో తప్పేం లేదా?"

"అస్సలు లేదు."

కోడలు గోడవైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెద్దావిడ అది చూసింది. "ఇన్నేళ్ళూ నిన్ను ఊరికే ఆడిపోసుకున్నానే," అంది. అంతకంటే క్షమాపణ ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. తర్వాత దుమ్ము మేడమ్ వైపు తిరిగి, "ఇంక పిల్ల నా దగ్గర పడుకోకూడదా?" అని అడిగింది. ఆ అడగడంలో మునుపటి హుకుం ఏమీ లేదు.

"పడుకోవచ్చు. పరుపుకు గాలి చొరని తొడుగు వేసి జిప్పు పెడదాం. దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉతకండి."

"ముసుగు పరుపుకే కదా, నాకు కాదుగా?" అంది పెద్దావిడ, ప్రాణం లేచొచ్చి.

పరుపుకు కొత్త ప్లాస్టిక్ తొడుగు పడింది. కొన్ని నెలలకు ఆవిడ మళ్ళీ చూడబోయేసరికి పిల్ల వీధిలో పరుగులు పెడుతోంది, రొప్పు లేదు. పెద్దావిడ మాత్రం నడుం పట్టుకుని, కళ్ళు లోతుకు పోయి కనబడింది.

"ఏమైందమ్మా, నిద్ర పట్టట్లేదా?"

"నానమ్మ రాత్రంతా బొమ్మలా పడుకుంటుంది," అని పిల్ల ఫిర్యాదు చేసింది.

పెద్దావిడ గొంతు తగ్గించింది. "ఆ తొడుగు కదిలితే కరకరమంటుంది తల్లీ. పిల్ల ఉలిక్కిపడి లేస్తోంది. అందుకే ఒకే పక్కన ఉండిపోతున్నాను. ఇన్నాళ్ళకి దానికి కంటినిండా నిద్ర పట్టింది, నా మూలాన చెడటం దేనికి?"

ఆవిడ తిన్నగా డైరెక్టరు గదికి వెళ్ళింది. పురుగు తేలాక ఆయన మహా హుషారుగా ఉన్నాడు. తర్వాత ఏం చేద్దామమ్మా అని అడిగాడు.

"చప్పుడు చెయ్యని తొడుగు కావాలి సార్."

"మనది అలర్జీ పరిశోధనమ్మా. చప్పుడుతో మనకేం పని?"

ఆవిడ పెద్దావిడ సంగతి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, చెయ్యి," అన్నాడు.

తర్వాతి పరిశోధనంతా బట్టల మీదే సాగింది. పురుగు రెట్ట దూరనంత బిగువు నేత కావాలి, ఒళ్ళు కదిలినా నోరెత్తని మెత్తదనం కావాలి. మిల్లులవాళ్ళు ఈవిడకేదో పిచ్చి అనుకున్నారు. కుదరక కుదరక చివరికి కుదిరిన మొదటి తొడుగును ఆవిడే పట్టుకెళ్ళి పెద్దావిడ పరుపుకు తొడిగి, జిప్పు లాగి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబులో ఫోను మోగింది. అవతల పెద్దావిడ, ఊపిరి తిప్పుకోకుండా.

"తల్లీ, రాత్రి అటు దొర్లాను, ఇటు దొర్లాను, కావాలనే దొర్లాను. పిల్ల కదిలితే ఒట్టు!"