ఎడమ పక్క కుర్చీ

బెంగాలీల ఊళ్లోని రైల్వే ట్రాఫిక్ కాలనీలో తెలుగు నాటకం వేసేవాళ్లందరికీ ఒక జబ్బు ఉంది. మాట మరిచిపోతే చాలు, తల ఎడమ పక్క తెర వైపు వాలిపోతుంది. ముప్ఫై ఏళ్లపాటు అక్కడొక కుర్చీలో కూర్చుని గోవిందరావు మాటలందించాడు మరి. ఆయన గొంతు ముందు వరుసలో పిల్లలకు కూడా వినపడేదని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. వర్క్‌షాపులో ఫిట్టరు, కాలనీకి ప్రాంప్టరు. ఆ రెండు కొలువుల్లో రెండోదానికి ఆయన ఏనాడూ సెలవు పెట్టలేదు.

ఆ గోవిందరావు రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. భార్య నూకాలమ్మ సుభాష్‌పల్లిలో ఇంటి తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. చేపల బజారుకు వెళ్లడం మానేసింది. పక్కింటి బెంగాలీ దీదీ పలకరిస్తే "ఠీక్ హై" అని లోపలికి పోయేది. ఒక పూట వండి రెండు పూటలు తినేది. మనిషి బాగానే ఉంది, మాటే కరువైపోయింది.

ఒక ఆదివారం పొద్దున్నే అమర్‌నాథ్ వచ్చాడు. లోకో షెడ్డులో పనిచేస్తాడు. నాటకాల జట్టుకు ఇప్పుడు అతనే పెద్ద. చేతిలో నాటకం పుస్తకం ఉంది.

"పిన్నీ, నువ్వు సదివి పెట్టాల. మావోల్లందరూ హిందీలోనో బెంగాలీలోనో సదువుకున్నోల్లే. బాబాయి సదివితే ఇని నేర్సుకునీవోల్లం. ఇప్పుడెవులున్నారు?"

"ఆయన పని నాకేటి తెలుస్తాదిరా?"

"పలాసలో ఆరో క్లాసు దాకా సదివినావు కదేటి! రెండేళ్లుగా నాటకం లేదు. ఈసారి కూడా ఎయ్యకపోతే మరి జట్టుండదు పిన్నీ. ఎవులింట్లో ఆలు కూకోడమే."

ఆ చివరి మాట నూకాలమ్మకు గుచ్చుకుంది. ఎవరింట్లో వాళ్లు కూర్చుంటే ఎలా ఉంటుందో ఆమెకన్నా తెలిసినవాళ్లెవరు! పుస్తకం అందుకుని, "ఈ ఒక్క నాటకానికే. తరవాత నన్నడగొద్దు" అంది.

రోజూ సాయంత్రం కాలనీ హాల్లో నడిమధ్య చాప వేసుకుని ఆమె ఒక్కో వాక్యం చదివేది. చుట్టూ నిలబడి అందరూ అప్పజెప్పేవాళ్లు. మొదటి రోజు పుస్తకంలోంచి తలెత్తలేదు. నాలుగో రోజుకు, తండ్రి వేషం వేస్తున్న పార్సిల్ ఆఫీసు క్రిస్టోఫర్‌ని నలుగురిలో చీవాట్లు పెట్టేదాకా వచ్చింది. "తండ్రివిరా నువ్వు! పార్సిల్ దించుతున్నట్టు అంటావేటి?" అందరూ పగలబడి నవ్వారు. క్రిస్టోఫర్ అందరికన్నా ఎక్కువ నవ్వాడు. హాలు పక్కనే యార్డు కాబట్టి ఇంజను కూత వేసినప్పుడల్లా ఎవరికి వాళ్లు బొమ్మల్లా ఆగిపోవడం, కూత ఆగాక మళ్లీ అందుకోవడం ఈ జట్టుకు తాతల నాటి అలవాటు. ఆ సందులోనే మరమరాల పొట్లం చేతులు మారేది. మూడో వారానికి నూకాలమ్మ చేపల బజారుకు వెళ్లింది. పులుసు పెట్టి గిన్నెడు హాలుకు పట్టుకొచ్చింది.

నాటకం రోజు వచ్చింది. ఎడమ పక్కన గోవిందరావు కుర్చీని అలాగే వదిలేసి, నూకాలమ్మ కుడి పక్క తెర వెనక స్టూలు వేయించుకుంది. "ఆ కుర్సీలో నాను కూకోలేనురా" అంటే అమర్‌నాథ్ బలవంతపెట్టలేదు. ఎటు కూర్చుంటే ఏముందిలే అనుకున్నారు ఇద్దరూ. అదే పొరపాటు.

మూడో రంగం. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో దాచిన తండ్రి కూతురికి దొరికిపోయాడు. సమాధానం చెప్పాల్సిన చోట క్రిస్టోఫర్ మాట మరిచిపోయాడు. తల ఎడమకు వాలింది. నూకాలమ్మ కుడి నుంచి అందించింది. మళ్లీ అందించింది. కంగారులో అతనికి ఆ వైపు ఒకటుందనే గుర్తు లేదు, ఖాళీ కుర్చీ వైపు ఇంకా వంగుతున్నాడు. జనంలో దగ్గులు మొదలయ్యాయి. వెనక ఎవరో ఈల వేశారు. జట్టు ఇక్కడితో సరి, అనుకుంది నూకాలమ్మ. నా వల్లే, అని కూడా అనుకుంది.

అంతలో యార్డులో ఇంజను కూసింది. స్టేజీ మీద అందరూ అలవాటుగా ఆగిపోయారు, ఈల వేసినవాడితో సహా హాలంతా ఊరుకుంది. నూకాలమ్మ పుస్తకం చంకలో పెట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, వెనక తెర చాటున తాళ్లూ బకెట్లూ దాటుకుంటూ పరుగెత్తింది. అరవై ఏళ్ల మోకాళ్లు తరవాత తిట్టుకుంటాయిలే!

ఎడమ పక్కకు చేరేసరికి కూత ఆగింది. నిలబడితే జనానికి కనిపిస్తుంది. కూర్చోవాలంటే ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. కూర్చుంది. కుర్చీ ఒక కాలి మీద ఊగింది. ముప్ఫై ఏళ్లు దీని మీద ఎలా కూర్చున్నావయ్యా, అని మొగుణ్ణి మనసులో కసురుకుంది. ఏడుపొస్తుందని భయపడింది గానీ రాలేదు.

"ఉద్యోగం పోతే పోయింది. నేనింకా ఉన్నాను కదా!" అంది పుస్తకంలోకి చూడకుండానే. కాస్త గట్టిగానే అంది.

ముందు వరుసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. క్రిస్టోఫర్ మొహం వెలిగింది. ఆ మాటని అతను ఎంత బాగా అన్నాడంటే, నవ్విన పిల్లలే చప్పట్లు కొట్టారు.

నాటకం అయ్యాక తెర మడత పెడుతూ అమర్‌నాథ్ దగ్గరికొచ్చాడు. "ఒక్క నాటకానికే అన్నావు పిన్నీ. నువ్వు సెప్పినట్టే, మరి నిన్నడగను."

"అడగొద్దు" అంది నూకాలమ్మ. "ఆ కుర్సీ కాలు ఊగతంది. వచ్చే నాటకానికి మేకు కొట్టించు."